మొక్కలకు ఓటుహక్కు

ధవళేశ్వరం రోడ్డులో పారిజాత కాలనీ వాళ్లకి ఒక పార్కుంది. ఆ పార్కుకి ఒక ఉద్యానవన సంఘం ఉంది. ఆ సంఘానికి ఒక నిబంధనావళి ఉంది. మూడింటిలోకీ నిబంధనావళే పెద్దది.

సంఘానికి కార్యదర్శి హైమావతి. మున్సిపల్ హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. పార్కు తూర్పు గోడ వారన ఆవిడ సొంత చేతులతో పెంచిన మల్లెమడి ఒకటుంది. మాఘంలో ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, కొన్నాళ్లు ఎండబెట్టి మళ్లీ నీళ్లు పెడితే, ఉగాది నాటికి మడి మడంతా మొగ్గ తొడిగేది. ఉగాది వెళ్లిన ఆదివారం సంఘం వసంత పుష్ప ప్రదర్శన జరుపుతుంది. కాలనీలో ఎవరి కుండీలో ఏది పూస్తే అది తెచ్చి బల్లల మీద పెడతారు. ఏడాది పొడుగునా చెత్త గురించీ, కార్లు పెట్టుకునే చోటు గురించీ పోట్లాడుకునేవాళ్లు ఆ ఒక్కరోజూ ఒకరి గులాబీని ఒకరు మెచ్చుకుంటారు. హైమావతి ఇన్నేళ్లుగా కార్యదర్శి పదవిని భరిస్తున్నది ఆ ఒక్కరోజు కోసమే.

ప్రదర్శన జరపాలంటే సర్వసభ్య సమావేశం తీర్మానించాలి. సమావేశం చెల్లాలంటే కోరం ఉండాలి. ఈ ఏడు కోరం లేదు. సభ్యులు రాకపోలేదు, వచ్చారు. కాకపోతే సమావేశం అయ్యాక పెట్టే పెసరట్టు ఉప్మా వాసన తగిలాకే ఇళ్లలోంచి కదిలారు. అలా వరసగా వాయిదాలు పడ్డాయి.

మూడో వాయిదా నాడు పార్కు రేకుల షెడ్డు కింద అధ్యక్షుడు భగవాన్లు గారు కళ్లజోడు సవరించుకున్నారు. ఆయన నీటిపారుదల శాఖలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా చేశారు. రిటైరైన రోజున ఆఫీసు కుర్చీ అక్కడే వదిలి వచ్చారు గానీ, ఆఫీసు భాషని ఇంటికి తెచ్చేసుకున్నారు. కాఫీ ఆలస్యమైతే భార్యతో "ఈ విషయమై జాప్యానికి కారణములు తెలియజేయవలసినది" అంటారని కాలనీలో చెప్పుకుంటారు.

"కార్యదర్శి గారూ, హాజరు పరిస్థితి?" అన్నారాయన.

"మీరు, నేను, పేర్రాజు గారండి."

"అక్కడ బెంచీ మీద ఎవరో ఉన్నారే?"

"మా ఆయనండి. సమావేశానికి కాదు, నన్ను తీసుకెళ్లడానికి వచ్చారు."

హైమావతి భర్త జోగారావు గారు బెంచీ మీంచి చెయ్యి ఊపాడు. ఆయనకి ఊపిరితిత్తులు అంత బాగుండవు. పొద్దున్నే ఈ పార్కు చుట్టూ నెమ్మదిగా నడవమని డాక్టరు చెప్పాడు. నడక అయ్యాక కూర్చుని పేపరు చదవడం ఆయన సొంతంగా కలుపుకున్నది.

పేర్రాజు గారు సంఘం ఉపాధ్యక్షుడు. ఊళ్లో కల్యాణ మండపం ఉంది. అధ్యక్ష పీఠం మీద ఆయన చూపు పడి చాలా ఏళ్లయింది.

"అయితే ఈ ఏడు ప్రదర్శన లేనట్టేనాండి?" అని హైమావతి దిగులుగా అడిగింది.

భగవాన్లు గారు చిన్నగా నవ్వారు. అంతకు ముందు నెలలోనే ఆయన హైదరాబాదులో ఒక సదస్సుకి వెళ్లి వచ్చారు. మొక్కలకు మనసుంటుందని, మనం మాట్లాడితే వింటాయని అక్కడ ఎవరో చెప్పారు. భోజనంతోబాటు గుడ్డసంచీ కూడా ఇచ్చారు. అప్పట్నుంచీ ఆయన పార్కులోకి వస్తూనే వేపచెట్టుకి నమస్కారం పెడుతున్నారు.

"నిబంధనావళిలో సభ్యత్వ ప్రకరణం చూడండి. 'ఉద్యానవన శ్రేయస్సును కోరి తరచుగా హాజరగు ప్రాణి యేదైనను సభ్యత్వమునకు అర్హమగును.' ప్రాణి అన్నారు. మనిషి అనలేదు."

ఆ వాక్యం రాసింది సంఘం మొదటి అధ్యక్షుడైన ప్లీడరు గారు. తన కుక్కని పార్కులోంచి ఎవరూ తరమకుండా ఆయన ముందుచూపుతో రాసుకున్నారు. ఆయనా లేడు, కుక్కా లేదు. వాక్యం మిగిలింది.

"మొక్కలకన్నా తరచుగా ఈ పార్కుకి హాజరవుతున్నవారు ఎవరైనా ఉంటే చెప్పండి" అన్నారు భగవాన్లు గారు.

మొక్కలకి ప్రాణముందని పిల్లల చేత వల్లె వేయించిన మనిషి హైమావతి. ఆవిడ కాదని ఎలా అంటుంది? పైగా ఉగాది దగ్గరపడుతోంది. సంతకం పెట్టేసింది.

"ఏం తీర్మానించారు?" అని దారిలో జోగారావు గారు అడిగాడు.

"మొక్కల్ని సభ్యులుగా చేర్చుకున్నాం."

ఆయన పేపరు మడిచి చంకలో పెట్టుకున్నాడు. "మంచిదే. పెసరట్లు మిగులుతాయి" అన్నాడు.

మరుసటి ఆదివారం సమావేశం సంఘం చరిత్రలోకెల్లా ఎక్కువ క్రమశిక్షణతో జరిగింది. గన్నేర్లు, నందివర్ధనాలు, మందారాలు, కంచెకున్న గోరింట అందరూ వేళకి హాజరు. మధ్యలో లేచిపోయినవారు లేరు. ఎవరి ఫోనూ మోగలేదు. పోయినేడు జమాఖర్చులు చదివితే ఒక్క ప్రశ్న రాలేదు. అలాంటి సభని భగవాన్లు గారు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కలలో కూడా చూడలేదు.

"వ్యతిరేకించేవారు చేతులెత్తవచ్చు" అంటూ ఆయన ఒక్కో తీర్మానమూ ప్రవేశపెట్టారు. ఎవరూ ఎత్తలేదు. పుష్ప ప్రదర్శన ఆమోదం పొందింది. సంఘం ఎన్నికలు ప్రదర్శనకి ముందు వచ్చే ఆదివారం జరపాలన్నది ఆమోదం పొందింది. అధ్యక్షుడు గారి సదస్సు ప్రయాణ ఖర్చు కూడా ఆమోదం పొందింది.

ఆ ఆఖరిదాని దగ్గర గోదావరి మీంచి గాలి వీచి వేపచెట్టు ఊగింది. పేర్రాజు గారు ఎగిరి లేచాడు.

"అదుగోండి! వేపచెట్టు తల అడ్డంగా ఊపుతోంది!"

"నిలువుగా ఊపింది" అన్నారు భగవాన్లు గారు.

"నా కళ్లు పోయాయనుకున్నారేంటండీ? అడ్డంగానే ఊపింది!"

అధ్యక్షులవారు కొంచెం సేపు ఆలోచించి నిర్ణయం వెలువరించారు. "గాలి ఈ సంఘంలో సభ్యుడు కాదు. సభ్యేతరుని ప్రోద్బలంతో జరిగిన కదలికలు పరిగణనలోకి రావు. కార్యదర్శి గారూ, మినిట్స్‌లో రాసుకోండి."

హైమావతి రాసుకుంది. ప్రదర్శన తేదీ ఖరారైంది కదా అని ఆవిడ మనసు తేలిగ్గానే ఉంది. కాలనీవాళ్లు కూడా సంతోషించారు. ఇకమీదట సమావేశానికి రాకపోతే అడిగేవాళ్లు లేరు.

అయితే వేపచెట్టు సంగతిలో పరాభవం పొందిన పేర్రాజు గారు ఇంటికెళ్లి ఆలోచించాడు. సభ్యులకి ఓటుంటుంది. మొక్కలు సభ్యులు. కాబట్టి మొక్కలున్నవాడిదే పీఠం. సోమవారం పొద్దున కడియం నర్సరీల నుంచి ఒక లారీ వచ్చి పార్కు గేటు ముందు ఆగింది. లారీ నిండా క్రోటన్లు. మధ్యాహ్నానికల్లా అవి బాడ్మింటన్ కోర్టులో నాటుకుని ఉన్నాయి.

భగవాన్లు గారు అది చూసి మండిపడ్డారు. "బయటి ఊరివారిని దిగుమతి చేసి ఓటర్లుగా చూపడం అనైతికం" అని గేటుకి నోటీసు అంటించారు. మంగళవారం ఆయన లారీ వచ్చింది. ఆయన ఎంచుకున్నవి అరటి పిలకలు. ఒకటి నాటితే పక్కన నాలుగు పుడతాయి కాబట్టి దూరదృష్టితో ఎంచుకున్నారు. పిల్లల జారుడుబల్ల చుట్టూ, నడక దారి పొడుగునా పిలకలు వెలిశాయి.

జోగారావు గారు కొత్త ఓటర్ల మధ్య కాలు ఎక్కడ పెట్టాలో చూసుకుంటూ నడవసాగాడు. చుట్టుకి పట్టే సమయం రెట్టింపైంది.

"ఏవండీ, ఇంటి డాబా మీద నడవకూడదూ?" అంది హైమావతి.

"డాబా మీద నడిస్తే నీడేదీ? ఇక్కడైతే ఓటర్లు గొడుగు పడుతున్నారు" అన్నాడాయన.

ప్రచారం మొదలైంది. పేర్రాజు గారు కల్యాణ మండపం మైకు తెచ్చి క్రోటన్ల ముందు నిలబడి, తాను గెలిస్తే రోజుకి రెండు పూటలా నీళ్లు, నెలకోసారి ఎరువుగా వేరుశనగ చెక్క ఇస్తానని ప్రకటించాడు. భగవాన్లు గారు గోడపత్రికలు వేయించారు. వాటిని గోడకి బయటవైపు కాక లోపలివైపు, మొక్కలకి ఎదురుగా, మోకాలెత్తున అంటించారు. ఇద్దరూ పోటీలుపడి పోయించిన నీళ్లకి తోటమాలి సింహాద్రికి గొట్టం కిందపెట్టే తీరిక లేకపోయింది.

నాలుగు రోజులకి అతను హైమావతి దగ్గరికి వచ్చాడు.

"అమ్మగారండీ, నీళ్లెక్కువై క్రోటన్లు కుళ్లిపోతన్నాయండి. సగం సచ్చిపోయాయి. పీకెయ్యమంటారా?"

హైమావతే ఎన్నికల అధికారి. ఆవిడ అధ్యక్షుణ్ణి అడిగింది. ప్రతిపక్షం ఓటర్లు చనిపోయారన్న వార్తకి భగవాన్లు గారు విచారం వ్యక్తం చేసి, వెంటనే తొలగించవచ్చన్నారు. పేర్రాజు గారు అడ్డం పడ్డాడు.

"మరణ ధ్రువీకరణ పత్రం ఏదండీ? ఎవరిచ్చారు? చచ్చిపోయారని మీరంటే అయిపోతుందేంటి? నా ఓటర్లు విశ్రాంతి తీసుకుంటున్నారు!"

అక్కడితో చచ్చినవి కూడా జాబితాలో ఉండిపోయాయి. తర్వాత వారం అరటి పిలకలకి తెగులు తగిలినప్పుడు భగవాన్లు గారు కూడా విశ్రాంతి సూత్రాన్నే పాటించారు.

ఈ హడావుడిలో హైమావతికి అసలు భయం పుష్ప ప్రదర్శన గురించి పట్టుకుంది. ప్రదర్శనకి పువ్వులు కొయ్యాలి. "ఓటరు అవయవాన్ని ఖండించడం ప్రవర్తనా నియమావళికి విరుద్ధం" అన్నారు భగవాన్లు గారు. పోనీ కుండీలతోనే తెచ్చి పెట్టుకుంటామంది. పెట్టుకోవచ్చన్నారు. మరి మొదటి బహుమతి, రెండో బహుమతి? "ఒక ఓటరు మరొక ఓటరు కంటే అందమైనదని సంఘం ప్రకటించజాలదు. అందరికీ ప్రోత్సాహక బహుమతులే."

హైమావతి ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ, "పెద్దాయనకి ఏదో అయింది" అంది.

"ఏమీ కాలేదు. మళ్లీ ఉద్యోగంలో చేరాడు, అంతే" అన్నాడు జోగారావు గారు. అని దగ్గాడు. హైమావతి తిరిగి చూసింది. ఆ దగ్గు కొత్తది.

మర్నాడు పొద్దున ఆవిడ మల్లెమడి దగ్గరికి వెళ్లి ఆగిపోయింది. పారబోసిన నీళ్లకి పార్కంతా తడిగా ఉంది. మడి పొడుగునా, పాదుల మధ్య, గోడ వారన, క్యారెట్టు ఆకులాంటి ఆకుతో, ముత్యాలంత తెల్ల పువ్వులతో వయ్యారిభామ ఏపుగా లేచింది. పేరు వయ్యారంగా ఉన్నా దాని పుప్పొడి తగిలితే ఒళ్లు దద్దుర్లు, పీలిస్తే ఆయాసం. ఆ సంగతి హైమావతి ఏటా ఎనిమిదో తరగతికి చెప్పేది. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని పీకడం మొదలుపెట్టింది.

గట్టిగా ఈల వినిపించింది. భగవాన్లు గారు పరుగున వస్తున్నారు.

"కార్యదర్శి గారూ! ఏం చేస్తున్నారు?"

"కలుపు తీస్తున్నానండి."

"ఎన్నికల అధికారి అయ్యుండి, ఓటర్లని, అందరూ చూస్తుండగా..."

"ఇది పిచ్చిమొక్కండీ!"

"ఆ నిర్ధారణ ఎవరు చేశారు?"

"ఎవరు చెయ్యడమేంటండీ, వయ్యారిభామండి ఇది. దీన్ని ఎవరూ నాటలేదు."

ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఆవిడకి వెంటనే అనిపించింది. భగవాన్లు గారి ముఖంలో ఏదో వెలిగింది. ఆయన మెల్లగా పార్కు నలుమూలలా చూశారు. క్రోటన్లు విశ్రాంతిలో ఉన్నాయి. పిలకలు పసుపుపచ్చగా వేలాడుతున్నాయి. లారీ అక్కర్లేకుండా, గొయ్యి తియ్యకుండా, చెక్క అడగకుండా, పార్కు నిండా పచ్చగా, లెక్కకు అందనంతమంది నిలబడి ఉన్నది వయ్యారిభామలే.

"ఎవరూ నాటలేదు" అని ఆయన గద్గదంగా అన్నారు. "ఎవరి సాయం లేకుండా, స్వశక్తితో పైకి వచ్చినవారు."

ఆ సాయంత్రమే అత్యవసర తీర్మానం జరిగింది. ఎవరూ చెయ్యెత్తలేదు. ఇందుమూలంగా పిచ్చిమొక్క, కలుపు అనే పదాలు సంఘ వ్యవహారాల నుంచి తొలగించబడినవి. వాటి స్థానంలో 'స్వయంకృషి మొక్క' అని వ్యవహరించవలెను. స్వయంకృషి మొక్కల జోలికి వెళ్లినవారిపై చర్య తీసుకోబడును.

పదిరోజుల్లో మల్లెమడి కనిపించడం మానేసింది. నడక దారి కూడా. జోగారావు గారు అయినా వెళ్లి, బెంచీ వరకు దారి చేసుకుని, పేపరు చదువుకుని వచ్చేవాడు. ఒకరోజు పేపరుతో తిరిగి రాలేదు. సింహాద్రి పరుగున వచ్చి, "అయ్యగారికి ఊపిరందటం లేదండీ" అన్నాడు.

ఆసుపత్రిలో మూతికి గొట్టం పెట్టి పడుకోబెట్టారు. డాక్టరు ఆయన చేతుల మీది దద్దుర్లు చూసి, "ఎక్కడ తిరుగుతున్నారండీ ఈయన?" అని అడిగాడు.

"ఉద్యానవనంలోనండి" అంది హైమావతి. తన జీవితంలో అంత సిగ్గుపడి చెప్పిన మాట ఇంకొకటి ఆవిడకి గుర్తు రాలేదు.

ఆసుపత్రి నుంచి సరాసరి భగవాన్లు గారింటికి వెళ్లింది. ఆయన వరండాలో ఎన్నికల ప్రసంగం రాసుకుంటున్నారు. లోపల్నుంచి ఆయన భార్య తుమ్ములు వరసగా వినిపిస్తున్నాయి.

"మా ఆయన్ని ఆసుపత్రిలో పడేశారండి, మీ స్వయంకృషి మొక్కలు. వాటిని పీకించండి. మీకు దణ్ణం పెడతాను."

భగవాన్లు గారు నిజంగానే బాధపడ్డారు. కుర్చీ చూపించి, మంచినీళ్లు తెప్పించారు. తర్వాత అన్నారు: "అమ్మా, జోగారావు గారంటే నాకు వ్యక్తిగతంగా గౌరవం. కానీ మానవ సభ్యుల ఆరోగ్యం మన సంఘం పరిధిలోకి రాదు. అదీగాక, ఇప్పుడు వారు మెజారిటీ. మెజారిటీని పీకేస్తే ప్రజాస్వామ్యం ఏం మిగులుతుంది చెప్పండి?"

"పార్కు మిగులుతుందండీ."

ఆయన ఆ జవాబుని నమోదు చేసుకోలేదు. లోపల్నుంచి మళ్లీ తుమ్ము వినిపించింది. "తగు చర్య తీసుకోవలసినది" అని ఆయన లోపలికి కేకేశారు.

ఎన్నికకి ఇంక వారం ఉందనగా పేర్రాజు గారు ఆఖరి అస్త్రం తీశాడు. షెడ్డు ముందు నిరాహారదీక్షకి కూర్చున్నాడు. మెడలో వయ్యారిభామల దండ. ఒళ్లంతా గోక్కుంటూనే మైకులో గర్జించాడు.

"పార్కులో మెజారిటీ ఎవరండీ? స్వయంకృషి మొక్కలు! మరి పీఠం మీద ఎవరు? మనిషి! ఎన్నాళ్లండీ ఈ అన్యాయం? వాళ్ల పీఠం వాళ్లకి ఇచ్చెయ్యాలి!"

ఇది భగవాన్లు గారి నోరు మూయిస్తుందని పేర్రాజు గారి అంచనా. ఇరవయ్యేళ్లు కాలవల మీద కాంట్రాక్టర్లని చూసిన మనిషి నోరు అంత తేలిగ్గా మూతపడుతుందా? మధ్యాహ్నానికి ఆయన తన నామినేషన్ ఉపసంహరించుకున్నారు. దాని స్థానంలో ఒక మట్టికుండీ తెచ్చి బల్ల మీద పెట్టారు. కుండీలో మోచేతి ఎత్తు వయ్యారిభామ ఉంది.

"ఉపాధ్యక్షుల వారి డిమాండు న్యాయమైనది. ఇదిగో అభ్యర్థి. వీరు మాట్లాడరు కాబట్టి వీరి అభిప్రాయాలను వ్యక్తం చేయడానికి ముఖ్య సలహాదారు ఒకరు కావాలి. ఆ భారం నేను మోస్తాను."

పేర్రాజు గారు దండ తీసి అవతల పడేశాడు. "మరి నేనో?"

"సహ సలహాదారు. వాహన సౌకర్యంతో."

దీక్ష నిమ్మరసంతో ముగిసింది. ఎన్నిక ఏకగ్రీవమైంది. షెడ్డులో అధ్యక్ష పీఠం మీద కుండీని ప్రతిష్ఠించి, కుర్చీ వెనక తువ్వాలు వేశారు. అధ్యక్షులవారి తొలి ఉత్తర్వు ముఖ్య సలహాదారే చదివి వినిపించారు: సలహాదారుల పదవీకాలానికి పరిమితి లేదు.

వసంత పుష్ప ప్రదర్శన రోజు వచ్చింది. ముఖ్య అతిథిగా పురపాలక సంఘం నుంచి ఒక ప్రత్యేకాధికారి వచ్చాడు. బల్లల మీద పువ్వులు లేవు. కాలనీవాళ్లు తెచ్చిన కుండీలు మాత్రం కొన్ని ఉన్నాయి. తెచ్చినవాళ్లు ముక్కులకి రుమాళ్లు కట్టుకుని వాటి వెనక నిలబడ్డారు. పిల్లల్ని ఎవరూ తీసుకురాలేదు. ఆ ముందురోజే ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన జోగారావు గారు రాలేదు.

ప్రత్యేకాధికారికి వేదిక మీది ఏర్పాట్లు విడ్డూరంగా అనిపించలేదు. ఇంతకన్నా విచిత్రమైన అధ్యక్షులతో ఆయన పనిచేసి ఉన్నాడు. చేతికిచ్చిన దండని కుండీకి వేసి, ఇలాంటి మితభాషి అయిన నాయకత్వం రాష్ట్రానికే ఆదర్శమన్నాడు. ఆ తర్వాత వాక్యం మొదలుపెట్టి తుమ్మాడు. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ తుమ్మాడు. కళ్లు ఎర్రబడి నీళ్లు కారాయి.

"అధ్యక్షులవారిని చూసి అతిథి భావోద్వేగానికి లోనయ్యారు" అన్నారు భగవాన్లు గారు మైకులో. అందరూ చప్పట్లు కొట్టారు. "ఇప్పుడు కార్యదర్శి గారు అధ్యక్షులవారిని ఉద్దేశించి స్వాగతోపన్యాసం చదువుతారు."

హైమావతి వేదిక ఎక్కింది. చేతిలో భగవాన్లు గారు రాసిచ్చిన కాగితం. 'మహోన్నత వ్యక్తిత్వ సంపన్నులైన' అన్న దగ్గర ఆవిడ చదవడం ఆపింది. కాగితం మీంచి తల ఎత్తి కిందికి చూసింది. ఎదురుగా రుమాళ్ల పైన కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. అందరూ ఎరిగినవాళ్లే. అన్నీ ఎర్రగా, ఒకే రకంగా, ఆవిడ వైపే చూస్తున్నాయి. ఒక్కరికీ ఆ మొక్క ఏమిటో తెలియక కాదు. చెయ్యెత్తమని ఎవరూ అడగలేదని ఊరుకున్నారు.

ఆవిడ కాగితం బల్ల మీద పెట్టింది. పీఠం దగ్గరికి వెళ్లింది. కుర్చీ చెయ్యిని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో అధ్యక్షులవారిని మొదలు దగ్గర గట్టిగా పట్టుకుని, వేళ్లతో సహా లాగేసింది.

మట్టి ప్రత్యేకాధికారి చొక్కా మీద చిందింది. దండ కుండీలో మిగిలిపోయింది.

వెనక వరసలోంచి ఎవరో ఒకరు కిసుక్కుమన్నారు. తర్వాత దాన్ని తుమ్ముగా మార్చుకున్నారు.

"హత్య!" అని పేర్రాజు గారు అరిచాడు.

భగవాన్లు గారు మాత్రం తడబడలేదు. మౌనం పాటించమన్నారు. పాటించాక, దివంగత అధ్యక్షులవారి సేవలను కొనియాడుతూ సంతాప తీర్మానం, మానవ సభ్యురాలు హైమావతిని సంఘం నుంచి శాశ్వతంగా బహిష్కరిస్తూ రెండో తీర్మానం వెంటవెంటనే పెట్టారు. చేతులెత్తినవారు లేరు. పేర్రాజు గారు కిందికి దిగి, షెడ్డు మెట్ల పక్కనే ఉన్న ఇంకో వయ్యారిభామని మట్టితో సహా తవ్వి తెచ్చి కుండీలో పెట్టాడు. అదే దండ సరిపోయింది. ప్రత్యేకాధికారి కొత్త అధ్యక్షులవారికి శుభాకాంక్షలు చెప్పి, చొక్కా దులుపుకుంటూ కారెక్కాడు.

హైమావతి చేతికున్న మట్టితోనే ఇంటికి నడిచింది. జోగారావు గారు తలుపు తీశాడు.

"అయిపోయిందా? బహుమతి ఎవరికొచ్చింది?"

"నన్ను సంఘంలోంచి తీసేశారు."

"ఏం చేశావేంటి?"

"అధ్యక్షుణ్ణి పీకేశాను."

ఆయన నవ్వబోయి ఆయాసపడ్డాడు. ఆవిడ ఆయన వీపు నిమురుతూ నిలబడింది. అప్పుడు మాత్రం ఆవిడకి కళ్ల నీళ్లు తిరిగాయి. చేతులు అప్పుడే మండడం మొదలైంది. కొబ్బరినూనె రాసుకుని, మధ్యాహ్నం అన్నం తినకుండానే పడుకుంది.

ఎండ చల్లబడుతుండగా గేటు చప్పుడైంది. హైమావతి వచ్చి చూస్తే బయట ఎదురింటి మాణిక్యాంబ, ఆవిడ కోడలు, మలుపులో ఉండే బ్యాంకు ఆయన, ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు. రుమాళ్లు ఇంకా ముఖాలకే ఉన్నాయి. వాళ్ల వెనకాల, కనపడకుండా ఉండాలని ప్రయత్నిస్తూ, భగవాన్లు గారి భార్య.

"పిన్నిగారూ" అంది మాణిక్యాంబ కోడలు గొంతు తగ్గించి. "మీరు చేసింది మాకందరికీ నచ్చిందండి."

"అక్కడ చెప్పలేకపోయారా?" అంది హైమావతి.

బ్యాంకు ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అందుకేనండి, మేమంతా ఆలోచించాం. మనం వేరే సంఘం పెట్టేసుకుందాం. మొక్కల బాధితుల సంఘం అని. నిబంధనావళి నేను రాస్తాను. అధ్యక్షురాలిగా మీరైతే బావుంటుంది. ఉపాధ్యక్షుడి విషయంలో మాత్రం కొంచెం..."

హైమావతి ఆయన మాట పూర్తి కానివ్వలేదు. లోపలికి వెళ్లింది. వచ్చేటప్పుడు పాత చీర ముక్కలు కొన్ని, మేకుకి వేలాడే కలుపు తీసే బొరిగె, వంటింట్లోంచి ఒక అట్లకాడ తెచ్చింది. బొరిగె బ్యాంకు ఆయన చేతిలో పెట్టింది. అట్లకాడ భగవాన్లు గారి భార్యకిచ్చింది.

"చేతులకి గుడ్డ చుట్టుకోండి" అంది. "చీకటి పడేలోగా గేటు దగ్గర్నుంచి బెంచీ దాకా అవ్వాలి."

"మరి ఎవరైనా అడిగితే ఏం చెప్పాలండీ? ఏ హోదాలో అని?" అన్నాడు బ్యాంకు ఆయన, బొరిగెని ఎటువైపు పట్టుకోవాలో చూసుకుంటూ.

"ఎవరూ అడగరు. కూర్చుని పీకుతుంటే ఆ మొక్కల్లో మీరు కనపడరు" అంది హైమావతి, గేటు గడియ తీస్తూ.